మెట్ల కింద పుస్తకాల మూల: మార్చి నుంచి నవంబర్ దాకా లెక్కలు

హైదరాబాద్ నల్లకుంటలో మా అపార్ట్‌మెంట్ ఐదంతస్తులు, ఇరవై ఫ్లాట్లు, కింద పార్కింగ్. మెట్ల కింద చీపుర్లు, పగిలిన పూలకుండీలు, ఎవరిదో చక్రం లేని సైకిల్ పడేసే చోటు ఒకటుంది. వెడల్పు 5 అడుగుల 4 అంగుళాలు, లోతు 3 అడుగులు. ఎత్తు ఒక పక్క ఆరడుగులుండి, రెండో పక్కకి వచ్చేసరికి రెండడుగులకి దిగిపోతుంది. పెద్దవాళ్ళు అందులోకి వెళ్తే తల బొప్పి కడుతుంది. మూడు నుంచి ఏడేళ్ళ పిల్లలకి మాత్రం కొలిచి కట్టినట్టే ఉంటుంది. ఆ వయసు పిల్లలు మా దగ్గర పదకొండు మంది, వాచ్‌మన్ వాళ్ళ చిన్నదానితో కలిపి.

ఆ చోట వాళ్ళకోసం పుస్తకాల మూల పెట్టాను. ఎందుకు మొదలుపెట్టానో, మొదటి మీటింగులో ఎవరెంత చప్పట్లు కొట్టారో వదిలేస్తున్నా. ఇంకో అపార్ట్‌మెంట్‌లో ఎవరైనా చేయాలనుకుంటే నా కొలతలు, ఖర్చులు, అంతకంటే నా తప్పులు పనికొస్తాయి. నేను అకౌంట్స్ మనిషిని, ఏ రోజు లెక్క ఆ రోజు రాయకపోతే నిద్ర పట్టదు. అందుకే ఇన్ని అంకెలు. పిల్లల్ని ఫ్లాట్ నంబర్లతోనే రాస్తున్నా.

దశ 1: పుస్తకాలు (మార్చి)

ముందు అందరి ఇళ్ళలోని పాత పుస్తకాలు ఇమ్మని లిఫ్ట్‌లో కాగితం అంటించాను. వారంలో 73 వచ్చాయి. అందులో ఎంసెట్ గైడ్లు, పాత టెక్స్ట్‌బుక్కులు, రెండు టెలిఫోన్ డైరెక్టరీలు, ఒక వాషింగ్ మెషీన్ మాన్యువల్. చిన్నపిల్లలకి పనికొచ్చేవి 9. మిగతా 64 పాత పేపర్లవాడికి ఇవ్వడానికి నాకు ఒక ఆదివారం పట్టింది. "పాత పుస్తకాలు ఇవ్వండి" అని అడక్కండి. "బొమ్మలున్న పిల్లల పుస్తకాలు, పేజీలు ఊడనివి" అని అడగండి.

తర్వాత కొన్నవి:

1. అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద ఇంగ్లీషు బొమ్మల పుస్తకాలు 14. బేరమాడాక రూ. 840. ప్రతి పుస్తకం చివరి పేజీ వరకూ తిప్పి చూసి కొనాలి. ఒకదాంట్లో మధ్య నాలుగు పేజీలు లేవు, ఇంటికొచ్చాక తెలిసింది.
2. కాచిగూడ నవోదయ పుస్తకాల షాపులో తెలుగువి 17. "మంచి పుస్తకం", నేషనల్ బుక్ ట్రస్ట్ అనే ప్రచురణ సంస్థల వాళ్ళవి ఎక్కువ. రూ. 1,190.
3. ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ సైట్ నుంచి దించుకుని ప్రింట్ చేయించినవి 12. అవి ఓపెన్ లైసెన్సువి కాబట్టి ఎవరైనా ప్రింట్ చేసుకోవచ్చు. పదహారు పేజీల పుస్తకానికి ఎ4 కాగితాలు నాలుగు, రెండు వైపులా రంగులు, వైపుకి 8 రూపాయలు. ఒక్కోటి రూ. 64, మొత్తం రూ. 768.

ఈ మూడోదాంట్లోనే మొదటి దెబ్బ. పుస్తకంలా మధ్యకి మడిచేలా ప్రింట్ తీయాలంటే రెండు వైపుల ప్రింట్‌కి "షార్ట్ ఎడ్జ్" అనే సెట్టింగ్ పెట్టాలి. జిరాక్స్ షాపు అబ్బాయి మామూలు సెట్టింగ్‌లో కొట్టేశాడు. మూడు పుస్తకాల్లో ఒక పేజీ నిటారుగా, పక్క పేజీ తలకిందులుగా వచ్చాయి. రూ. 192 వృథా. ముందు ఒక్క కాగితం తీయించి, మడిచి, చూసి, ఆ తర్వాత మిగతావి చెప్పండి.

రెండో దెబ్బ నెమ్మదిగా తెలిసింది. ఎ4 కాగితాన్ని సగానికి మడిస్తే వచ్చే పుస్తకం ఒక్క పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని చదవడానికి బాగుంటుంది. ఆరుగురి ముందు పట్టుకుంటే వెనకవాళ్ళకి బొమ్మ కనపడదు. పైగా అక్షరాలు చిన్నవై, కింద వత్తులు మసక మసగ్గా మరకల్లా అయ్యాయి. ఇప్పుడు అందరికీ కలిపి చదివేవి మడత లేకుండా పూర్తి ఎ4 సైజులోనే తీయిస్తున్నా.

*ఇప్పటిదాకా: పుస్తకాలు 52. ఖర్చు రూ. 2,990.*

దశ 2: అర, మొదటిసారి (ఏప్రిల్ మొదటి వారం)

పుస్తకం వెన్ను కాకుండా అట్ట కనపడాలి. చదవడం రాని పిల్లకి వెన్ను మీద పేరు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. అట్ట మీద ఏనుగు కనపడితే తీసుకుంటుంది. ఇంత వరకూ సరిగ్గానే ఆలోచించాను. చవగ్గా అవుతుందని ప్లంబింగ్ పైపు ఎంచుకోవడం తప్పు.

చేసింది ఇదీ:

1. 110 మిల్లీమీటర్ల పీవీసీ పైపు, పదడుగులది, రాణీగంజ్‌లో రూ. 650.
2. గ్రైండర్‌తో నిలువుగా రెండుగా చీల్పించి, ఐదడుగుల ముక్కలు నాలుగు చేయించాను. రూ. 150.
3. క్లాంపులు, స్క్రూలు రూ. 120.

ఏమైందంటే: పైకప్పు ఏటవాలుగా దిగుతుందని కొలతలో రాసుకున్నదాన్నే, కోయించేటప్పుడు మర్చిపోయాను. కింద అరకి ఐదడుగుల ముక్క పట్టింది. పైవి మెట్లకి తగిలాయి. సరే, వాటిని కోసి పొట్టి చేశాం. అప్పుడు అసలు సంగతి బయటపడింది. పైపు అడుగు గుండ్రం కాబట్టి పలచటి పుస్తకాలు ముందుకి జారి, నడుం వంగి కూర్చున్నాయి. అట్టలో పైన మూడంగుళాలే కనపడుతున్నాయి. వంటింటి త్రాసు మీద తూచాను: పిన్నులు కొట్టిన పలచటి పుస్తకం 60 నుంచి 90 గ్రాములు, గట్టి అట్టది 350 దాకా. పన్నెండు పుస్తకాలు పెడితే 1.9 కిలోలు. రెండు రోజుల్లో పైపు మధ్యలో 14 మిల్లీమీటర్లు కిందికి వంగింది. అంచు గరుగ్గా ఉండి 401 వేలికి గీసుకుంది కూడా. ఆ సాయంత్రమే పీకేశాను.

ఇంటర్నెట్‌లో ఇలాంటి అరల ఫొటోలు చాలా అందంగా ఉంటాయి. అవి చూరు కింద వాన నీళ్ళు పట్టే దోనెలవి, వాటి అడుగు చదునుగా ఉంటుంది. నేను ఫొటో చూశాను కానీ అడుగు చూడలేదు.

*రూ. 920 పోయింది. మొత్తం రూ. 3,910.*

దశ 3: అర, రెండోసారి (ఏప్రిల్ 12 నుంచి 24)

ఈసారి కార్పెంటర్‌ని పిలిచాను. 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్. ఆయన నా కొలతలు వింటూనే తల ఊపి, తనకి తోచినట్టు చేశాడు. పై అర ఐదడుగుల ఎత్తులో వచ్చింది. పుస్తకాలు పడిపోకుండా ముందు పట్టీ నాలుగంగుళాలు పెట్టాడు. చిన్న పుస్తకం ఎత్తే ఎనిమిదంగుళాలు, సగం బొమ్మ పట్టీ వెనక దాక్కుంది.

"అన్నా, ఇంత పైన పిల్లలకి అందదు కదా."

"అందితే చింపేస్తరమ్మా. మీకు ఎర్క లేదు."

"చింపనీ. అందకపోతే అసలు ముట్టుకోరు."

ఆయన నవ్వి, "మీ పైసలు, మీ ఇష్టం" అని మళ్ళీ స్క్రూలు విప్పాడు. ఆయన అన్నది అబద్ధమేం కాదు, తర్వాత చాలానే చింపారు.

ఆ మధ్యాహ్నం పదకొండు మందినీ గోడకి నిలబెట్టి పెన్సిల్ గీతలు పెట్టాం. అందరికంటే పొట్టి 93 సెంటీమీటర్లు, పొడుగు 121. కన్ను తల పైభాగానికి పది సెంటీమీటర్ల కింద ఉంటుందనుకుంటే, పొట్టిపిల్ల కంటి ఎత్తు 83. దాన్నిబట్టి చివరికి కుదిరిన కొలతలు (నకలు చేసుకునేవాళ్ళు ఇవి తీసుకోండి):

1. నేల నుంచి అరల ఎత్తు: 30, 60, 90 సెంటీమీటర్లు.
2. పొడవు: కింద 5 అడుగులు, మధ్య 4, పైన రెండున్నర. మెట్ల వాలుని బట్టి.
3. అర లోతు 6 సెంటీమీటర్లు. ఇంతకంటే లోతుంటే ఒకదాని వెనక ఒకటి నాలుగు పుస్తకాలు దూరుస్తారు, వెనకవి పోయినట్టే.
4. ముందు పట్టీ 4 సెంటీమీటర్లు.
5. అంచులు, మూలలు ఇసుక కాగితంతో గుండ్రంగా. నా అరచేతితో రుద్ది చూశాను, గుచ్చుకోకూడదు.

మూడు అరల మీద కలిపి 19 పుస్తకాలు ముఖం చూపిస్తాయి. మిగతావి అట్టపెట్టెలో. రెండు వారాలకోసారి ఆదివారం మార్పిడి. అన్నీ ఒకేసారి పెట్టాలనే ఆశ వదులుకోవాలి. 52 పేర్చినప్పుడు పిల్లలు అటూ ఇటూ తిరిగి వెళ్ళిపోయారు, 19 ఉంచితే కూర్చున్నారు.

ప్లైవుడ్ రూ. 1,400, కూలి రూ. 1,200, స్క్రూలూ పాలిష్ రూ. 260.

తర్వాత లైటు. పార్కింగ్‌లో ఉన్నది సెన్సర్ లైటు. మనిషి కదిలితే వెలుగుతుంది, కదలిక లేకపోతే నిమిషంలో ఆరిపోతుంది. మొదటి సాయంత్రం నేను చదువుతుండగా టప్‌మని చీకటైంది. పిల్లలు కేకలు, చేతులు ఊపారు, వెలిగింది. మళ్ళీ ఐదు నిమిషాలకి ఆరింది. మూడోసారి ఆరినప్పుడు 201 విసుగ్గా, కళ్ళు పుస్తకం మీదనుంచి తీయకుండానే, ఒక చెయ్యి పైకెత్తి ఊపాడు. లైటు వచ్చింది, చెయ్యి దించాడు. అప్పుడు వెలిగింది నాకు: తొమ్మిది మంది పిల్లలు నిమిషంపాటు కదలకపోతే తప్ప ఆ లైటు ఆరదు. వారం రోజులు "లైటు ఆరిన సార్లు" అని ఒక గడి పెట్టుకుని రాశాను. ఏ కథకి ఎన్నిసార్లు ఆరిందో చూస్తే ఏది బాగుందో నన్నడగక్కర్లేదు. అయినా కళ్ళకి మంచిది కాదని స్విచ్ ఉన్న ఎల్‌ఈడీ పట్టీ పెట్టించేశాను. రూ. 430. ఆ కొలత పోయినందుకు ఇప్పటికీ కొంచెం బాధే.

*ఇప్పటిదాకా: పుస్తకాలు 52. ఖర్చు రూ. 7,200.*

దశ 4: చదివించడం, రెండు పెద్ద తప్పులు (ఏప్రిల్ 28 నుంచి జూన్ 22)

వేసవి సెలవులు. రోజూ సాయంత్రం ఆరు నుంచి ఆరున్నర. వచ్చిన పిల్లల వారపు సగటు:

మొదటి వారం 11
రెండో వారం 9
మూడో వారం 6
నాలుగో వారం 4

తప్పు నాదే. పేజీ తిప్పిన ప్రతిసారీ ఒక ప్రశ్న. "ఇది ఏం రంగు?" "ఎన్ని పిట్టలున్నాయి?" కథ అయ్యాక "ఇందులో నీతి ఏంటి?" నేను అలా చదువుకునే పెద్దదాన్నయ్యాను కాబట్టి ఇంకోలా తోచలేదు. నాలుగో వారం 302 (ఐదేళ్ళు) గుమ్మం దగ్గరే ఆగి అడిగాడు: "ఆంటీ, ఇవ్వాళ కథ ఉందా, పరీక్ష ఉందా?"

దాన్ని సరిచేయబోయి రెండో తప్పు చేశాను. గోడకి చార్ట్, పుస్తకానికో స్టార్, పది స్టార్లకి చాక్లెట్. ఐదో వారం 10, ఆరో వారం 10, ఏడో వారం 9. నేను మురిసిపోయాను. అప్పుడు ఒక సాయంత్రం వాళ్ళని గమనించాను. పలచటి పుస్తకాలన్నీ ముందే మాయం. అదే 302 ఒక్క కూర్చోవడంలో తొమ్మిది పుస్తకాలు "చదివేశాడు". ఫోన్‌లో టైమ్ చూశాను, సగటున పుస్తకానికి 40 సెకన్లు. పేజీలు తిప్పే చప్పుడు నోట్లు లెక్కపెట్టే చప్పుడులా ఉంది. గట్టి అట్ట ఉన్న పెద్ద పుస్తకాలు మూడు వారాల్లో ఎవరూ ముట్టుకోలేదు.

చార్ట్ తీసేసిన ఎనిమిదో వారం సగటు 3. జూన్ 12న బడులు తెరిచారు కదా, అందువల్లేమో అని నన్ను నేను ఓదార్చుకున్నాను. కానీ మిగతా ఎనిమిది మందీ అదే టైమ్‌కి నా కళ్ళ ముందే పార్కింగ్‌లో క్రికెట్ ఆడుతున్నారు.

తర్వాత తెలిసింది, ఇది పాత సంగతే. 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు నర్సరీ పిల్లలతో పరీక్షించి చూశారు. స్కెచ్ పెన్నులతో బొమ్మలు వేయడం ఇష్టమున్న పిల్లలకి, వేస్తే బహుమతి ఇస్తామని ముందే చెప్పి ఇచ్చారు. తర్వాత ఆ పిల్లలు తమంతట తాము పెన్నులు పట్టుకోవడం తగ్గింది. ముందు చెప్పకుండా ఇచ్చినవాళ్ళలో అలా తగ్గలేదు. ఇది మార్చిలోనే చదివుంటే రూ. 340 చాక్లెట్లు మిగిలేవి. (చాక్లెట్లు మొత్తంలో కలపలేదు. సగం నేనే తిన్నాను.)

దశ 5: తీసేసినవి, ఉంచినవి (జూన్ 23 నుంచి)

కొత్తగా పెట్టిందేమీ లేదు, తీసేయడమే.

1. ప్రశ్నలు లేవు. పిల్లలు అడిగితే జవాబు చెప్తాను.
2. పుస్తకం పిల్లలే తెస్తారు. నాకు నచ్చకపోయినా అదే.
3. మధ్యలో లేచి వెళ్ళొచ్చు. పుస్తకం మధ్యలో మూసేయొచ్చు.
4. చదివిందే మళ్ళీ చదవమంటే చదవాలి, మొహం చిట్లించకుండా.
5. అక్షరాలు నేర్పడం ఈ మూలలో లేదు. అది బడి పని.

ఐదోదాని మీద ఇద్దరు తల్లిదండ్రులతో గొడవైంది. "రోజూ వస్తున్నాడు, ఇంకా అఆలు కూడా రాలేదేంటండీ?" అని ఒకాయన. ఇంకొకరు తెలుగు పుస్తకాలెందుకు, టైమ్ వేస్ట్, అన్నీ ఇంగ్లీషువే పెట్టమన్నారు. పదకొండు మందిలో ఏడుగురికి తెలుగు మాట్లాడటం తప్ప చదవడం రాదు. రాకపోవడంలో వింత లేదు. స్టోరీవీవర్‌లో అన్నిటికంటే తేలికైన మొదటి స్థాయి పుస్తకం ఒకటి తీసి లెక్కపెట్టాను: 62 మాటల్లో 21 మాటలకి వత్తులున్నాయి. అఆలు, గుణింతాలు దాటి వచ్చిన పిల్ల కూడా అక్కడ ఆగిపోతుంది. పిల్ల తనంతట తాను చదివే రోజు వచ్చేదాకా పక్కనుంచి చదివి వినిపించే గొంతు కావాలి. ఇంతకుమించి నేను వాదించలేదు. రెండు భాషల్లో అచ్చేసిన పుస్తకాలు (తూలిక వాళ్ళవి, మంచి పుస్తకం వాళ్ళవి) ఎనిమిది కొని తెచ్చాను, రూ. 560. ఇంగ్లీషు కావాలన్న వాళ్ళకి ఇంగ్లీషు, తెలుగు కావాలన్న వాళ్ళకి తెలుగు, ఒకే అట్టలో. ఇంట్లో హిందీ మాట్లాడే 204 వాళ్ళమ్మ బొమ్మలు చూపిస్తూ హిందీలో చెప్తుంది. పిల్లలకి అదేమీ తేడాగా లేదు.

కొలత మార్చాను. ఎన్ని పుస్తకాలు అయ్యాయన్నది మానేసి, పుస్తకం మూయగానే "మళ్ళీ" అన్న సార్లు రాయడం మొదలుపెట్టాను. జూన్ 23 నుంచి వారం వారం: 2, 5, 4, 11, 17. ఐదు వారాల మొత్తం 39.

ఆ 11కీ 17కీ సగం కారణం నేను కాదు, మూడో అంతస్తు మామ్మ. ఒకరోజు నాకు ఆఫీసు కాల్ ఉండి ఆవిణ్ణి కూర్చోబెట్టాను. ఆవిడ పుస్తకాన్ని పురాణంలా చదువుతుంది, రాగం తీసి, ప్రతి మాటా సాగదీసి. నాకైతే టెన్షన్, చిన్నపిల్లలు ఇది వింటారా అని. చూస్తే ఒక్కరూ కదల్లేదు. సెన్సర్ లైటు ఉండుంటే పదిసార్లు ఆరేది. ఆవిడ దగ్గర ఇంకో విద్య ఉంది. రెండోసారి చదివేటప్పుడు కావాలని తప్పు చదువుతుంది. ఏనుగు వచ్చేచోట, "అప్పుడూ... ఆ ఎలుకా... తొండం ఎత్తీ..." అంటుంది. "ఎలుక కాదు మామ్మా!" అని పదిమందీ ఒకేసారి అరుస్తారు. "అవునా? నా కళ్ళజోడు పాతదైందిలే" అని పుస్తకం దగ్గరగా పెట్టుకుంటుంది. మూడోసారి చదివేటప్పుడు పిల్లలు తప్పు కోసం కాచుకుని ఉంటారు. నేను ప్రశ్నలడిగి రాబట్టాలనుకున్నదంతా ఆవిడ ఒక్క ప్రశ్న అడక్కుండా రాబట్టింది.

దశ 6: సొంత పుస్తకం (జులై)

ఫోన్‌తో మా గల్లీ ఫొటోలు ఎనిమిది తీశాను. కిరాణా కొట్టు, ఇస్త్రీ బండి, గ్యాస్ సిలిండర్ల ఆటో, లిఫ్ట్, స్కూటర్ సీటు మీద కుక్క. పేజీకి ఒక ఫొటో, కింద ఒక్క వాక్యం, పెద్ద అక్షరాలు. ప్రింట్, లామినేషన్, రింగ్ కలిపి రూ. 90.

మొదటి ప్రతి చదువుతున్నాను. వాచ్‌మన్ వాళ్ళ చిన్నది (నాలుగేళ్ళు) ఒళ్ళో ఉంది. కుక్క పేజీ వచ్చింది.

"కుక్క నిద్రిస్తోంది."

"నిద్రిస్తోంది అంటే ఏంది ఆంటీ?"

"పడుకుంది అని."

"మరి పండుకుంది అనే రాయరాదు?"

ఎనిమిది వాక్యాలూ మళ్ళీ చూసుకున్నాను. "ఆటో ఆగి ఉన్నది", "అంకుల్ వస్త్రాలను ఇస్త్రీ చేయుచున్నారు". ఈ భాషలో మా ఇంట్లో ఎవరం మాట్లాడం. నోరు తెరిస్తే ఒకటి, పెన్ను పడితే ఇంకొకటి. అన్నీ మార్చి రెండో ప్రతి తీయించాను, ఇంకో రూ. 90. "కుక్క పండుకుంది." మొదటి ప్రతి పారేయలేదు. మామ్మ దాన్ని రాగంతో చదివితే పిల్లలు పడీ పడీ నవ్వుతారు, అందుకని అదీ అరలోనే ఉంది.

ఇప్పటిదాకా ఏ కొన్న పుస్తకానికీ రానన్ని "మళ్ళీ"లు ఈ రూ. 90 పుస్తకానికి వచ్చాయి. 39లో 14 దీనివే.

*లెక్క: 52 + 8 + 2 = 62. తీసుకెళ్ళి తిరిగి తేనివి 4, బాగుచేయలేనంత చిరిగింది 1. చేతిలో 57. ఖర్చు రూ. 7,940.*

దశ 7: వాన (జులై చివర)

మా గల్లీ పల్లం. రాత్రి రెండింటికి వాచ్‌మన్ తలుపు కొట్టాడు. పార్కింగ్‌లో ఐదంగుళాల నీళ్ళు. కింది అర 12 అంగుళాల ఎత్తులో ఉంది కాబట్టి దానికేమీ కాలేదు. మిగతా పుస్తకాలున్న అట్టపెట్టె మాత్రం నేల మీదే ఉంది. 33లో అడుగున ఉన్న 21 తడిశాయి.

ఆ రాత్రి, తర్వాతి రోజు చేసింది, నేర్చుకున్నది:

1. తడిసిన పేజీల్ని లాగి విప్పకూడదు. నీళ్ళు కారిపోయేలా నిలబెట్టి, అట్టలు కొంచెం తెరిచి ఫ్యాన్ కింద ఉంచాలి. హెయిర్ డ్రయర్ పెడితే పేజీలు అప్పడాల్లా ముడుచుకున్నాయి. ఒకదానితోనే ఆపేశాను.
2. మెరిసే ఆర్ట్ పేపర్ పుస్తకాలకి మొదట చేయాలి. అవి ఆరేలోగా ప్రతి రెండు పేజీల మధ్యా తెల్ల కాగితం పెట్టకపోతే ఒకదానికొకటి అతుక్కుపోతాయి. పొద్దున చూద్దామని వదిలేసిన నాలుగు ఇటుకల్లా గట్టిపడ్డాయి. న్యూస్‌పేపర్ పెడితే దాని సిరా పేజీలకి అంటుతుంది.
3. ఒకేసారి అన్నీ చేయలేకపోతే, కవర్లో చుట్టి డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి. బూజు ఆగుతుంది, తీరిగ్గా ఒక్కోటీ తీసి ఆరబెట్టుకోవచ్చు. ఆరు పుస్తకాలు అలా పెట్టాను. పొద్దున్నే మా అత్తగారు ఫ్రిజ్ తెరిచి, "చేపలు పెట్టేచోట సరస్వతీదేవిని పెట్టావేంటే!" అని కెవ్వుమన్నారు. చేపలు బయటికొచ్చాయి. ఆరు పుస్తకాలూ బతికాయి.
4. ఇంక్‌జెట్ ప్రింట్లు రంగులు కారి పోయాయి. లేజర్ ప్రింట్ అయితే నీళ్ళకి రంగు కారదు. ఇప్పుడు షాపులో ముందు అడిగేది అదే.

21లో 12 దక్కాయి, 9 పోయాయి. పోయినవాటిలో ఐదు ఇంక్‌జెట్‌వి, నాలుగు ఆ ఇటుకలు. మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలు రెండు, రూ. 900. అవి ఇప్పుడు నేల మీద కాదు, వాచ్‌మన్ గదిలో మంచం ఎత్తున బల్ల మీద ఉంటాయి.

వాన తర్వాత చెమ్మకి సన్నటి వెండిరంగు పురుగులు కనిపించాయి. ఎవరో మంచి మనసుతో అరల మీద నాఫ్తలీన్ ఉండలు పెట్టారు. చూడ్డానికి పిప్పరమెంట్ల లాగే ఉంటాయి, 103 (మూడేళ్ళు) ఒకటి చేతిలో పట్టుకుని వాసన చూస్తోంది. పిల్లలు అందుకునే అరలో అవి వద్దు. మింగితే విషం. ఎండిన వేపాకు, రెండు వారాలకోసారి పుస్తకాలన్నీ దులపడం, అంతే చేస్తున్నాం.

*చేతిలో 48. ఖర్చు రూ. 8,840.*

దశ 8: అప్పు, జరిమానా, దవాఖాన (ఆగస్టు నుంచి అక్టోబర్)

ఇళ్ళకి తీసుకెళ్ళిన పుస్తకాలు పోతున్నాయని ఆగస్టులో జరిమానా పెట్టాను. వారం దాటితే రోజుకి రెండు రూపాయలు. ముందు వారం 13 పుస్తకాలు ఇళ్ళకి వెళ్ళాయి. జరిమానా పెట్టిన వారం 2. పిల్లలు కాదు, అమ్మలు వద్దన్నారు. "చిరిగితే, పోతే ఎవడు కడతాడు, అక్కడే చూసి రా." మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి ఆద్యుడైన రంగనాథన్ 1931లో రాసిన గ్రంథాలయ సూత్రాల్లో మొట్టమొదటిది పుస్తకాలు వాడటానికే అని. నేను రెండు రూపాయలతో వాటికి గొలుసు వేశాను. పది రోజుల్లో ఎత్తేశాను. తర్వాతి వారం 9, ఆపై వారం 14.

చిరిగిన పుస్తకాల సంగతి ఇంకోలా తేలింది. పిల్లలు చింపినవి అరల వెనక దాచేస్తున్నారు. అందుకని ఒక చెప్పుల డబ్బాకి తెల్లకాగితం అంటించి, ఎర్రగా ప్లస్ గుర్తు వేసి, "పుస్తకాల దవాఖాన" అని రాశాం. చిరిగిందేదైనా అందులో వేయాలి, ఎవరు చింపారని ఎవరూ అడగరు. శనివారం ఆపరేషన్లు. రెండంగుళాల టేపు, జిగురు, పుస్తకం మధ్యదాకా చేరే పొడుగు స్టేప్లర్ కలిపి రూ. 760. మొదటి శనివారమే ఏడు బయటికొచ్చాయి. 401 ఒక పుస్తకాన్ని రెండు చేతుల మీద పడుకోబెట్టుకుని తెచ్చింది. "తమ్ముడు కొరికిండు. దీనికి సూది వేయాలా ఆంటీ?" పిన్ను కొట్టే పని దానికే ఇచ్చాను. ఆ పుస్తకం వరసగా మూడు వారాలు అదే తీసుకెళ్ళింది.

టేపు విషయంలో: పేజీ మొత్తానికి అంటించొద్దు, చిరిగిన చోట ఒక వైపే. రెండు వైపులా వేస్తే పేజీ గట్టిపడి ఆ పక్కనే మళ్ళీ చిరుగుతుంది.

సెప్టెంబర్‌లో కొత్తవి 9 కొన్నాను, రూ. 700. పోయినవి ఇంకో రెండు. ఏప్రిల్‌లో పోయిన ఒకటి దసరా సర్దుళ్ళలో 502 వాళ్ళ సోఫా కింద దొరికింది.

నవంబర్ మూడో వారం, ఇప్పటి లెక్క

పుస్తకాలు 56. మన అక్షరాలన్ని.
ఖర్చు రూ. 10,300. అందులో చేతులారా పోగొట్టుకున్నది రూ. 1,112 (పైపు 920, తలకిందుల ప్రింట్లు 192).
సాయంత్రం వచ్చేవాళ్ళు సగటున 8.
పోయిన వారం "మళ్ళీ"లు 23. మామ్మ ఊరెళ్ళిన వారం 9.

తేలనివి రెండున్నాయి. ఏడేళ్ళ ఇద్దరికి ఈ పుస్తకాలు చిన్నవైపోయాయి, వాళ్ళకి వేరే అర కావాలంటే మెట్ల వాలు ఒప్పుకోదు. రెండోది, నాన్నలు ఎవరూ వచ్చి చదవడం లేదు. 204 వాళ్ళ నాన్న ఒకసారి స్కూటర్ స్టాండ్ వేసి, హెల్మెట్ తీయకుండా అలాగే నిలబడి ఒక కథ మొత్తం విన్నాడు. పిలిస్తే వెళ్ళిపోతాడని పిలవలేదు.

డిసెంబర్‌లో ఎన్టీఆర్ స్టేడియంలో బుక్ ఫెయిర్ ఉంటుంది, దానికి రూ. 1,500 పక్కన పెట్టాను. పిల్లలు అడిగినవి దవాఖాన డబ్బా మూత మీద రాసి పెట్టుకున్నాం:

లిఫ్ట్ మధ్యలో ఆగిపోయే కథ (302)
చాలా పెద్ద కప్ప, నిజం కప్పంత కాదు, ఇంకా పెద్దది (103)
చివర్లో ఎవరూ మంచిగా మారని కథ (201)
కుక్క లేచింది, ఆ తర్వాత ఏమైంది (వాచ్‌మన్ వాళ్ళ చిన్నది)

చివరిది ఎక్కడా దొరకదు. రేపు పొద్దున ఆ స్కూటర్ దగ్గర ఫోన్ పట్టుకుని కాపలా కాయాలి.